ఎడమ చెయ్యి ఊగని కవాతు

రిపబ్లిక్ డే దగ్గర పడుతోంది. ఉదయగిరి హైస్కూలు గ్రౌండులో ఆడపిల్లలు కవాతు ప్రాక్టీసు చేస్తున్నారు. హెడ్మాస్టరు నారాయణయ్య వరండాలో నిలబడి కాసేపు చూశాడు. ఏదో తేడాగా ఉంది గానీ ఏమిటో అందలేదు. వరస చెదరడం లేదు. కాళ్ళన్నీ ఒక్కసారే లేస్తున్నాయి, ఒక్కసారే పడుతున్నాయి. మళ్ళీ చూస్తే అప్పుడు తెలిసింది.

"మేడం," అని పీఈటీ కృపారాణిని కేకేశాడు. "మన పిల్లలు ఎడమ చెయ్యి ఊపడం లేదేంది?"

కృపారాణి తిరిగి చూసింది. నిజమే. కుడి చేతులు భుజం ఎత్తుకు లేచి దిగుతున్నాయి. ఎడమ చేతులు మాత్రం తొడలకు అతికించినట్టు వేలాడుతున్నాయి. ఒకరిద్దరు కాదు, దళం మొత్తం అంతే. ఆమె విజిల్ ఊది ఆపింది.

"ఏందమ్మే ఇది? ఎడమ చేతులు ఇంటికాడ పెట్టి వచ్చినారా?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఉన్న విజయదుర్గకు భయం తక్కువ. "మేడం, మీరు చూపించినట్టే గదా చేస్తా ఉండాము," అంది.

"నేనట్టా నడుస్తానా?"

"ఎప్పుడూ అట్నే నడుస్తారు మేడం. అదొక స్టైల్ అనుకున్నాము."

వేళాకోళం కాదు. పిల్ల నిజంగానే చెబుతోంది. కృపారాణి వాళ్ళను నీళ్ళు తాగమని పంపించి, గ్రౌండు మధ్యకు వెళ్ళి ఒక్కతే నడిచింది. పొద్దుటి ఎండలో నీడ పొడుగ్గా పక్కనే పడుతోంది. నీడలో ఒక చెయ్యి ముందుకూ వెనక్కీ పోతోంది. రెండోది కదలడం లేదు. ఆమె ఆపింది కాదు. కదలడం లేదని ఆమెకు తెలియనే తెలియదు.

అప్పటికి ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. పుట్టిల్లు వరికుంటపాడు. చిన్నతనంలో జిల్లా కబడ్డీ జట్టులో ఆడిన మనిషి. గ్రౌండు ఈ చివర నిలబడి ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే, గోడ అవతల బజారులో పోయేవాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు. కొన్ని నెలలుగా ఎడమ భుజం పట్టేసినట్టు ఉంటే, కబడ్డీలో తగిలిన పాత దెబ్బే తిరగబెట్టిందనుకుని మందు రాసుకుంటూ వచ్చింది. చేపల పులుసు ఉడుకుతున్నా వాసన తెలియకపోతే జలుబనుకుంది.

భర్త సైమన్ ఆర్టీసీలో డ్రైవరు. సెలవు పెట్టి ఆమెను నెల్లూరు తీసుకుపోయాడు. నరాల డాక్టరు ఆమెను నడిపించాడు, వేళ్ళు తాటించాడు, కాగితం మీద పేరు రాయించాడు. భుజం పట్టెయ్యడం, వాసన తెలియకపోవడం కూడా దాని గుర్తులేనని చెప్పి, పార్కిన్సన్స్ అన్నాడు.

"అది ముసలోళ్ళకు గదా సార్ వచ్చేది?" అంది కృపారాణి.

"తొందరగా వచ్చేవాళ్ళు కూడా ఉంటారమ్మా. మాత్రలు వాడితే చాలా ఏళ్ళు పని చేసుకోవచ్చు. పూర్తిగా పోయేది మాత్రం కాదు."

ఇంటికి వచ్చాక అత్త శీనమ్మ ఏమన్నారని అడిగితే, "భుజం నొప్పే అత్తా," అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఏడాది ఆమె జీవితంలో చెడ్డది. మాత్రలతో బిగుతు కొంత తగ్గింది గానీ, చేతికి వణుకు మొదలైంది. నలుగురిలో ఉన్నప్పుడు ఆ చేతిని కొంగులో దాచుకునేది. చర్చిలో పాటల బృందం మానేసి వెనక వరసలో కూర్చునేది. బడిలో వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, కవాతు ఎలా చెయ్యాలో పిల్లలకు ఫోనులో వీడియో చూపించి విజిల్ ఊదేది. తను నడిచి చూపించేది కాదు. ఆ ఏడు కవాతులో ఉదయగిరి పిల్లల పేరు ఎవరూ ఎత్తలేదు. జబ్బు కన్నా అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

సైమన్ ఒకరోజు అన్నం తింటూ, "ఆత్మకూరులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉండాది. మా కండక్టరు వాళ్ళ నాయన్ని చూపిస్తా ఉండాడు. నా బస్సులోనే పోయి నా బస్సులోనే రావచ్చు. ఒకసారి చూడు రాణీ," అన్నాడు.

"ఇంకొకరు చెప్తే నేను డ్రిల్లు చెయ్యాల్నా? ఇన్నేళ్ళు ఊరందరికీ చేయించినదాన్ని," అంది. అన్నదే గానీ, శనివారం బస్సెక్కింది.

ఆ అమ్మాయి పేరు రాధిక. చేతులు సాచడం, నడుం తిప్పడం, గొంతెత్తి అక్షరాలు పలకడం చేయించి, చివర్లో కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. దాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారని చెప్పింది. కృపారాణి కళ్ళు మూసుకుంది. మూసుకున్న వెంటనే చక్రాల కుర్చీ కనపడింది. ఆ కుర్చీలో తను, మూతికి చెంచా అందిస్తున్న సైమన్. చప్పున కళ్ళు తెరిచింది.

"ఇదేందమ్మా, కళ్ళు మూసుకుంటే జబ్బు ఇంకా పెద్దదై కనపడతా ఉండాది!"

"అయితే మూసుకోబాకండి మేడం. మీరు గ్రౌండు మనిషి. నడుస్తా చేయండి," అంది రాధిక. "ఇన్నాళ్ళూ మీ నడక మీరు చెప్పకుండానే జరిగిపోయింది. చెయ్యి దానంతటదే ఊగేది. మెదడులో ఆ పని చూసుకునే భాగం ఇప్పుడు నీరసపడింది. ఇకమీదట మీరే దగ్గరుండి నడిపించుకోవాల. అడుగు వేస్తా ఉంటే అడుగు మీదే ఉండండి. రేపు ఏమవతానో, ఎవరు చూస్తా ఉండారో, అవన్నీ వస్తాయి. వచ్చినాయని చూసి, మళ్ళీ అడుగు దగ్గరికి రండి. అంతే."

మర్నాటి నుంచి కృపారాణి ప్రేయరుకు ముందే బడికి వెళ్ళి ఖాళీ గ్రౌండులో నడవడం మొదలుపెట్టింది. మడమ ఆనడం, పాదం పరుచుకోవడం, వేళ్ళు నేలను తొయ్యడం గమనించేది. ఎడమ చెయ్యి మీద ధ్యాస పెడితే చెయ్యి ఊగేది. అది చూసి మొదటి రోజు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ స్టాఫ్ మీటింగు గుర్తొచ్చేది, చెయ్యి ఆగిపోయేది. పుట్టింటి నుంచి వచ్చిన ఫోను గుర్తొచ్చేది, ఆగిపోయేది. చెయ్యి ఆగిందంటే తను ఇక్కడ లేదన్నమాట. ఆత్మకూరు వెళ్ళినప్పుడు రాధికతో, "పది అడుగులు కూడా నిలవడం లేదమ్మా నా బుద్ధి," అని వాపోయింది.

"పోయిందని తెలిసింది గదా మేడం, అదే ప్రాక్టీసు. వెనక్కి తెచ్చుకోండి. తిట్టుకోబాకండి."

సర్వీసంతా తిట్టి పని చేయించిన మనిషికి తిట్టకుండా ఉండడమే అన్నిటికన్నా కష్టమైంది. తప్పు అడుగు వేసిన పిల్లను "ఏమే!" అని గద్దించినట్టే తన కాలినీ గద్దించేది. గద్దిస్తే కాలు ఇంకా బిగుసుకునేది. కొన్ని వారాల తర్వాత గద్దింపు తగ్గింది. నడక మాత్రమే కాదు, పళ్ళు తోముకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, మెతుకు జారకుండా ముద్ద కలుపుకోవడం కూడా ఆ విధంగానే, ఒక్కసారికి ఒక్క పనిగా చెయ్యడం అలవాటైంది. చెయ్యి వణికినప్పుడు పిడికిలి బిగించి దాచేబదులు, 'వణుకుతా ఉండాది' అని మనసులో అనుకుని ఊరుకునేది. ఒక్కోసారి వణుకు తగ్గేది, ఒక్కోసారి తగ్గేది కాదు. అయితే ఒకటి ఆమెకు బాగా అర్థమైంది. చెయ్యి వణకడానికి ముందే భయం వచ్చి కూర్చుంటోంది. భయాన్ని చూడడం వస్తే సగం బరువు దిగినట్టే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మంచం మీద కదలకుండా కూర్చుని ఉంటే శీనమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"ఏందమ్మే అది? మునుల మాదిరి కూచోని ఉండావు. మనం ప్రార్థన చేసుకునేవాళ్ళం గదా, మనకెందుకు అయ్యన్నీ?"

కృపారాణికి ఇక దాచబుద్ధి కాలేదు. అత్తను పక్కన కూర్చోబెట్టుకుని జబ్బు పేరు చెప్పింది. అది ఎలా బయటపడిందో, ఇక పూర్తిగా పోయేది కాదని కూడా చెప్పింది. శీనమ్మ వింటూ కోడలి ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"ప్రార్థనలో దేవుడితో మాట్లాడతాను అత్తా. ఇప్పుడు నా కాలితో మాట్లాడుకుంటా ఉండాను."

"కాలు ఏమంటాది?"

"ఉండు, ఉండు, తొందరపడబాక అంటాది."

శీనమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రోజు నుంచి పొద్దుటి ప్రార్థనలో అందరి పేర్లూ అయిపోయాక, "మా కోడలి ఎడమ చేతినీ ఎడమ కాలినీ కూడా చల్లంగా చూడు ప్రభువా," అని విడిగా చెప్పడం మొదలుపెట్టింది.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఈసారి డివిజన్ స్థాయిలో ఆత్మకూరులో కవాతు పోటీ పెడుతున్నారని తెలిసింది. నారాయణయ్య ఆమెను గదిలోకి పిలిచాడు. జబ్బు సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. మంచివాడే, కానీ భయస్థుడు.

"ఆర్డీవో వస్తారు, జనం ఉంటారు. మీకు శ్రమ మేడం. పక్క మండలంలో పవన్ అని కుర్ర పీఈటీ ఉండాడు. ప్రాక్టీసు ఆయన చేయిస్తాడు, మీరు దగ్గరుండి చూడండి."

"నా జబ్బు మీరు ఎవరికైనా చెప్పండి సార్, నాకు సిగ్గు లేదు. నా విజిల్ మాత్రం ఇంకొకరికి ఇవ్వబాకండి," అని లేచింది కృపారాణి.

లేచింది గానీ, గుమ్మం దగ్గర ఆగిపోయింది. మనసు ముందుకు పోతోంది, పాదాలు గచ్చుకు అంటుకుపోయాయి. అలా కావడం అదే మొదటిసారి. వరండాలో పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ విజయదుర్గ, ఆమె స్నేహితురాలు చాందిని అంతా చూశారు. చాందిని చెయ్యి అందించబోయింది. కృపారాణి తల అడ్డంగా ఊపి, ఊపిరి వదిలి, బరువు కుడికాలి మీదికి వంచి, ఎడమ పాదం ఎత్తి గడప దాటింది. ఆ సాయంత్రమే దళాన్నంతా వేపచెట్టు కింద కూర్చోబెట్టింది.

"నాకు పార్కిన్సన్స్ అనే జబ్బు ఉండాది. అడగాల్సినవి అడగండి," అంది.

పిల్లలు ఒకరి వెనక ఒకరు అడగడం మొదలుపెట్టారు.

"అంటుకుంటాదా మేడం?"

"అంటుకోదు."

"చచ్చిపోతారా?"

"అందరం పోతాం. దీంతో ఇప్పుడే మాత్రం పోను."

"అప్పుడు మేము ఎడమ చెయ్యి ఊపనిది దీనివల్లేనా?" అంది విజయదుర్గ.

"దీనివల్లే. నా జబ్బును మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మీరే."

పిల్లలకు అది గొప్పగా అనిపించింది. నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. కృపారాణి రెండు మాటలు గట్టిగా చెప్పింది. "నేను ఆగిపోతే ఎవరూ వచ్చి పట్టుకోబాకండి. నాకు కాస్త టైము కావాల, అంతే. ఇంకోటి, ఇకమీదట నేనే ముందు నడుస్తాను. నా చెయ్యి ఆగితే చూసిన వాళ్ళు 'మేడం, చెయ్యి' అని అరవండి. మీ అడుగు తప్పితే నేను అరుస్తాను."

ఆ నెలన్నర గ్రౌండులో రెండు వైపులా కేకలే. ఈ ప్రాక్టీసులో పిల్లలు ఇంకోటి కూడా నేర్చుకున్నారు. కవాతు మొదలుపెట్టే ముందు కృపారాణి వాళ్ళను ఊరికే నిలబెట్టేది. పాదాల కింద నేల ఎలా ఉందో, ఊపిరి ఎక్కడిదాకా పోతోందో చూసుకోమనేది. మొదట్లో కిసుక్కున నవ్విన పిల్లలు తర్వాత్తర్వాత వాళ్ళే అడిగి నిలబడేవాళ్ళు. పరీక్షకు ముందు కూడా అలాగే చేస్తున్నామని చాందిని ఒకరోజు చెప్పింది.

పోటీ రోజు పొద్దున ఆత్మకూరు గ్రౌండు జనంతో నిండిపోయింది. పిల్లలను తీసుకొచ్చిన స్పెషల్ బస్సు డ్యూటీ సైమన్ అడిగి వేయించుకున్నాడు. బస్సును ప్రహరీ పక్కన ఆపి, ఎవరేమన్నా అనుకోనీ అని నిచ్చెన ఎక్కి టాపు మీద నిలబడ్డాడు.

ఉదయగిరి పిల్లలు స్టేజీ ముందుకు వచ్చారు. విజయదుర్గ గొంతు ఖంగుమంది. తలలన్నీ ఒక్కసారి కుడికి తిరిగాయి. రెండు చేతులూ సమంగా లేస్తున్నాయి, సమంగా దిగుతున్నాయి. ఎవరి మొహంలోనూ కంగారు లేదు. ఒక్కొక్క అడుగునూ ఇష్టపడి వేస్తున్నట్టు ఉంది వాళ్ళ నడక. గ్రౌండు పక్కన నిలబడ్డ కృపారాణి గుండె నిండిపోయింది. 'వీళ్ళు నా పిల్లలు' అనుకుంది.

ఫలితాలు చదివారు. ఉదయగిరి ఆడపిల్లలకు రెండో బహుమతి. కప్పు తీసుకోవడానికి పీఈటీ రావాలని మైకులో పిలిచారు.

కృపారాణి బయలుదేరింది. సగం దూరం బాగానే నడిచింది. స్టేజీ వైపు మళ్ళే చోట మైకు "త్వరగా రావాలి మేడం, టైము లేదు" అంది. ఆ మాటతో కాళ్ళు ఆగిపోయాయి. చుట్టూ ఖాళీ నేల, చుట్టూతా జనం, మధ్యలో ఆమె. ఎడమ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. పక్కన తన దళంతో ఉన్న పవన్ గబగబా పరుగెత్తుకొచ్చాడు.

"పట్టుకోమంటారా మేడం?"

"వద్దు అబ్బయ్యా. ఆగు, నేను వస్తాను."

అప్పుడే వెనక నుంచి విజయదుర్గ గొంతు వినిపించింది. "దళ్, సావధాన్!" ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకు. బూట్లన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. ఉదయగిరి పిల్లలు తల పక్కకు తిప్పకుండా, తమ మేడం ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడడానికి సిద్ధంగా నిటారుగా నిలబడ్డారు. ఆ చప్పుడుకు జనం మాటలు ఆపేశారు.

కృపారాణి స్టేజీ వైపు చూడలేదు. జనం చూస్తున్నారన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని చూసి ఊరుకుంది. చెయ్యి వణుకుతోందని తెలుసు. వణకనిచ్చింది. బూటు లోపల పాదం ఎక్కడ ఆనుతోందో చూసుకుంది. ఊపిరి పూర్తిగా వదిలింది. బరువు కుడివైపుకు వంచింది. ఎడమ పాదం లేచింది. తర్వాత కుడిది. ఆ తర్వాత ఆమె నడక చూసినవాళ్ళకు, కావాలనే అక్కడ కాసేపు ఆగిందనిపించి ఉంటుంది. స్టేజీ మెట్లు సునాయాసంగా ఎక్కేసింది. మెట్లు ఆమెకు ఎప్పుడూ కష్టం కాలేదు. చదును నేలే కష్టం.

ఆర్డీవో లేచి నిలబడి కప్పు అందించాడు. మైకు పట్టుకున్నాయన దయగా, "పాపం, ఆరోగ్యం బాగాలేకపోయినా మేడం గారు..." అని మొదలుపెట్టాడు.

కృపారాణి కప్పును ఆర్డీవో ముందున్న బల్ల మీద పెట్టి, మైకు కోసం చెయ్యి చాచింది. ఈ మధ్య ఆమె గొంతు సన్నబడింది. గుండెల నిండా గాలి పీల్చి, గ్రౌండులో పిలిచే గొంతుతో మాట్లాడింది.

"పాపం అనబాకండి సార్. నాకు పార్కిన్సన్స్ ఉండాది. మా పిల్లలకు సెకండ్ ప్రైజ్ వచ్చింది. ఈ రెండో మాట గట్టిగా చెప్పండి."

ముందుగా ప్రహరీ అవతల బస్సు టాపు మీద నుంచి ఒకే ఒక్క మనిషి చప్పట్లు వినిపించాయి. ఆ వెంటనే గ్రౌండంతా అందుకుంది. నారాయణయ్య ముందు వరసలో నిలబడి, పక్కనున్న హెడ్మాస్టర్లందరికీ, "మా పీఈటీ, మా పీఈటీ," అని చెప్పుకోసాగాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కప్పు ఎవరు పట్టుకోవాలా అని పిల్లలు పోట్లాడుకున్నారు. దారిలో టీ అంగడి దగ్గర సైమన్ బస్సు ఆపాడు. ముందు తనే దిగి అంగడి ఆయనకు జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాడు. కృపారాణి తీరిగ్గా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. ఆయన చెయ్యి అందించడానికి రాలేదు. మధ్యలో ఆపితే కథ చెడుతుందన్నట్టు చెబుతూనే ఉన్నాడు.

"పాపం అనబాకండి సార్ అనింది అబ్బా! ఆర్డీవో ముందర! మైకు లాక్కోని!"

"లాక్కోలేదు. అడిగి తీసుకున్నా," అంది కృపారాణి వచ్చి బల్ల మీద కూర్చుంటూ.

"ఏదో ఒకటి. నేను చూసినాను గదా పైనుంచి," అన్నాడు సైమన్.

బస్సు కిటికీల్లోంచి పిల్లలు, "మేడం, మాకు కూడా టీ!" అని అరుస్తున్నారు. కృపారాణి అంగడి ఆయనతో, "అందరికీ పొయ్యన్నా. వచ్చే ఏడు మొదటి బహుమతి తెచ్చే పిల్లోళ్ళు వీళ్ళు," అంది.